నెమలిమెడ రంగు మంట

ఖమ్మం, మున్వర్ చాచా షాపు
జనవరి

అక్కా,

లేదు, బంగారానికి వాసన ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకోని చూసిన. పాత కంప్యూటర్ల లోపల పచ్చటి అట్ట లాంటిది ఉంటది, బోర్డు అంటరు. దాని అంచుకు పసుపు గీతలు ఉంటయ్, దువ్వెన పండ్ల లెక్క. అదే బంగారం. నిజం బంగారం. గోరు సందుల మట్టంత గూడ ఉండదు గానీ బంగారమే.

ఫోన్ చేస్తే నాకు నోరు రాదని నీకు తెల్సు. హలో అన్నంక ఏమనాలెనో తెల్వదు. అందుకే టైపు కొడుతున్న, ఒక్కో అక్షరం ఎతుక్కుంట. ఐదో తరగతిల నువ్వు ఉత్తరం రాసుడు నేర్పినవ్ చూడు, పైన ఊరు పేరు పెట్టాలె అని. పెట్టిన. మన కోయ మాటల రాద్దామంటే ఆ మాటలకు ఈ అక్షరాలు అతుకుతలేవు. తెలుగుల్నే రాస్తున్న.

నా పని స్క్రూలు విప్పుడు. ప్లాస్టిక్ ఒకదిక్కు, ఇనుము ఒకదిక్కు, వైర్లు ఒకదిక్కు. బోర్డులు మాత్రం పగలగొట్టనియ్యడు చాచా. బస్తాలల్ల కట్టి హైదరాబాద్ దిక్కు పెద్ద కంపెనీకి పంపుతడు. ఆడ మిషన్లల్ల వేసి బంగారం తీస్తరంట.

నిన్న చాచా ఒక బోర్డు ఎండకు పట్టి చూపిచ్చిండు. అక్కా, ఖిల్లా ఎక్కి చూస్తే కింద ఖమ్మం ఎట్ల కనపడ్తదో అట్లనే ఉంది. రోడ్లు, సందులు, నీళ్ల ట్యాంకులు, మిద్దెలు. మనుషులే లేరు. "ఇది చేసినోని చేతులు ఎంత సన్నగ ఉంటయో చాచా" అన్న. చాచా నవ్విండు. "చేతులు కాదు బేటా, మిషన్ చేస్తది" అన్నడు. నాకు నమ్మబుద్ధి కాలె. ఇంకా ఎవరో ఒకరు కూసోని చేసిండ్రనే అనుకుంటున్న.

షాపుల ఒక్కటే కట్టడి. పొగ పెట్టొద్దు. వైరు మీది తొక్క కత్తితోటి గీకి రాగి తీయాలె, కాల్చొద్దు. ఎందుకంటే చెప్పడు. పక్కింటోళ్లు లొల్లి చేస్తరని గావచ్చు.

కోటేష్


ఇప్పలగుంపు, పినపాక అవతల
ఫిబ్రవరి

ఓరి తమ్మీ,

బంగారం వాసన గురించి నిన్ను ఎవరడిగిండ్రు రా? నాలుగు నెలలకు ఒక్క మెసేజు, అందుల తిన్నవా పన్నవా అని లేదు. బంగారానికి వాసన ఉండదంట! గుట్ట ఎక్కి ఫోను పైకి పట్టుకుంటె సిగ్నల్ వచ్చి నీ ముచ్చటంతా ఒక్కసారే పడ్డది. చదువుకుంట నవ్విన. పక్కన మేకలు బెదిరినయ్.

నీకు ఆడ అన్నం ఎవరు పెడ్తరు? మున్వర్ చాచా ఇంట్లనేనా? ముక్కుకు బట్ట కట్టుకుంటున్నవా? టీవీల చూపిచ్చిండ్రు, ఆ సామాన్ల దుమ్ము మంచిది కాదంట.

మీ బావ రవీందర్ సారపాకల లోడింగ్ పనికి పోతుండు, ఆదివారం ఆదివారం వస్తడు. మన జంపక్క అవ్వకు నడుము లేస్తలేదు. అయినా పెద్ద ఇప్పచెట్టు దిక్కే చూస్తది పొద్దంత. మొగ్గ పట్టింది. ఈసారి ఏరుడంతా నేనే. ఆకులు కాలబెట్టి నేల సాఫ్ చేయాలె, లేకుంటె రాలిన పువ్వు ఎట్ల కనపడ్తది? ఆ మంట చిన్నప్పటి సంది నీదే గదా. రెండు రోజులు సెలవు అడిగి రా.

ఇంకో ముచ్చట ఉంది. ఇప్పుడే చెప్పద్దన్నది అవ్వ.

వనజక్క


ఖమ్మం
ఫిబ్రవరి ఆఖరు

అక్కా,

వస్తున్న. చాచా సెలవిచ్చిండు. తెగిన వైర్లు ఒక బస్తెడు గూడ ఇచ్చిండు. "ఇంటికాడ కూసోని తీరిగ్గ గీక్కో, రాగి నీదే" అన్నడు. మంచోడు. ఆయన చేతులు వణుకుతయ్ అక్కా, చిన్న స్క్రూ పట్టుకోలేడు, అందుకే నన్ను పెట్టుకున్నడు.

రాగి అమ్మితే ఏం కొంటనో చెప్పనా? వల. చెట్టు కింద నాలుగు గుంజలకు కడ్తె పువ్వు అందుల్నే పడ్తదంట. అవ్వ వంగేది ఉండదు, నువ్వు వంగేది ఉండదు. ఫోన్ల వీడియో చూసిన.

దుమ్ముకు బట్ట కట్టుకుంటున్న. ఫజిలత్ చాచీ కుట్టిచ్చింది. అన్నం గూడ ఆమెనే పెడ్తది. నా ముచ్చట్లు ఇంతే. నీ ముచ్చట ఏందో చెప్పు.

కోటేష్


ఇప్పలగుంపు
మార్చి

తమ్మీ,

పొద్దున లేచి చూస్తే నువ్వు లేవు, బస్సుకు పోయినవంట. చెప్పి పోతే ఏం పోతుండె?

ముందు రోజు సాయంత్రం నాకు ఏమైందో నీకు తెల్సా? నేను పినపాక పోయి పొద్దుగూకె యాళ్లకు వస్తున్న. దూరం నుంచే మన పెద్ద చెట్టు కింద మంట కనపడ్డది. ఎర్రగ కాదు. పచ్చగ, నీలంగ, నెమలి మెడ లెక్క మిలమిల మెరుస్తుంది. పదహారేండ్ల సంది నువ్వు పెట్టే మంట నేను చూడలేదా, అట్ల ఎన్నడు మండలే.

అవ్వ గూడ వాకిట్ల నిలబడి చూసిందంట. నడుము లేవని ముసల్ది చెట్టుదాక నడిచి పోయింది! "తల్లి దిగింది" అని కింద కూలబడి మొక్కింది. తెల్లారి పసుపు కుంకుమ వేసి, కోడిని కోసింది. మొన్నటి సంది పువ్వు రాలుతుంది. ఆ మంట మండిన జాగల రాలిన పువ్వే మొదటి పువ్వంట, తల్లి ముట్టిన పువ్వంట. అది నాకే పెడ్తది. కొంచెం వేంచి, కొంచెం పచ్చిది. "నువ్వే తినాలె" అంటది. ఎందుకో నీకు తర్వాత చెప్త.

వాసన మాత్రం నాకు అర్థం కాలె. రెండు రోజులు ముక్కు మండింది. నీ బస్తా ఖాళీగ గోడకు ఉంది. అన్ని వైర్లు గీకినవా అంతల్నే?

వనజక్క


ఖమ్మం
మార్చి

అక్కా,

గీకిన. కత్తి పదునుగ ఉండె.

మంట నేను గూడ చూసిన గదా. పక్కనే ఉన్న. అట్ల మండుతదని నాకు తెల్వది. నీలం లేసి, దాని లోపల్నుంచి పచ్చ లేసి, మల్ల నీలం. బోర్డు ఎండకు పట్టినప్పుడు ఎట్ల అనిపిచ్చిందో అట్లనే అనిపిచ్చింది, ఇది ఎవరు చేసిండ్రు అని.

అవ్వ చెట్టుదాక నడిచి వచ్చుడు గూడ చూసిన, నమ్మబుద్ధి కాలె.

వల కొన్న. నీలం రంగుది. బావకు సారపాకల అందేటట్టు బస్సుల వేస్త.

కోటేష్


ఖమ్మం
ఏప్రిల్, మంగళవారం

అక్కా పెద్ద చెట్టు కింది పువ్వు తినకు.

అక్కా తినకు. అవ్వను గూడ తిననియ్యకు.

ఒక్కటే టిక్కు పడ్డది, నీకు అందలే. గుట్ట ఎప్పుడెక్కుతవ్?

అక్కా, చెప్త. అంతా చెప్త. ఇయ్యాల నా మీద నాకే గర్వమై చాచాతోటి చెప్పిన, మా అవ్వ నేను పెట్టిన మంటకు మొక్కింది అని. చాచా చేతుల నుంచి స్క్రూడ్రైవర్ కింద పడ్డది.

"ఏ మంట?" అన్నడు.

"ఆకుల మంట చాచా."

"ఆకులు పచ్చగ మండవు బేటా, పచ్చగ మండేది రాగి. నేను పదేండ్లు మండిచ్చిన. ఏది ఏ రంగుల మండుతదో నాకు చెప్తవా?"

అప్పుడు ఆయనే చెప్పిండు. వయసుల ఉన్నప్పుడు షాపు వెనక రోజూ వైర్లు కాలబెట్టిండంట, బోర్డులు కాలబెట్టిండంట, మస్తు సంపాయించిండంట. చేతులు అప్పటి సంది వణుకుతున్నయ్. ముక్కు పోయింది. ఫజిలత్ చాచీ బిర్యానీ చేస్తే మూత తీసి ఆయనకు చూపిస్తది. ఎందుకో నాకు ఇన్నాళ్లు అర్థం కాలె. వాసన తెల్వదు గదా, కండ్లతోటి చూసి తింటడు. డాక్టర్లు పొగ వల్లనేనని గట్టిగ చెప్పలేదంట. ఆయన మాత్రం పొగే అంటడు. "నీకు పొగ పెట్టొద్దని చెప్పిన, ఎందుకో చెప్పలే. సిగ్గైంది బేటా" అన్నడు.

నేను పక్కింటోళ్లు లొల్లి చేస్తరని అనుకున్న అక్కా. మన అడవిల పక్కింటోళ్లు లేరు గదా అనుకున్న. పొగ ఆకాశానికి పోతది, ఆకాశం పెద్దది అనుకున్న. ఎట్లాగు ఆకులు కాలబెడ్తం, ఆ మంటల్నే వైర్లు వేస్తే రెండు పనులు ఒక్కసారే అయితయ్ అనుకున్న. వైర్లే కాదు, బస్తా అడుగున ఐదారు బోర్డు ముక్కలు గూడ ఉండె.

చాచా బిడ్డ మహీన్ అక్క రక్తం పరీక్షలు చేసే ల్యాబ్‌ల పని చేస్తది. ఆమె చెప్పింది. బోర్డుల అతుకులల్ల సీసం ఉంటదంట, వైరు తొక్కలల్ల గూడ ఉంటదంట. కాలితే అది ఎటు పోదంట. బూడిదల, మట్టిల కూసుంటది. రాలిన పువ్వు తడిగ ఉంటది గదా, దానికి అంటుకుంటది. దానికి వాసన లేదు, రుచి లేదు. పెద్దోళ్ల కంటె పసిపోరగాండ్లకు, కడుపుల ఉన్నోళ్లకు ఎక్కువ కష్టమంట. "మీ ఇంట్ల చిన్నోళ్లు ఉన్నరా?" అన్నది. లేరు అన్న. అది ఒక్కటి మంచిగైంది.

ఇంకా ఒక్కటే టిక్కు.


ఖమ్మం
బుధవారం

అక్కా,

పినపాక రోడ్డు మీద కిరాణం హాతీరాం మామకు ఫోన్ చేసిన. నంబరు చాచా సంపాయించిండు. హలో అన్నడు. నేను గూడ హలో అన్న. తర్వాత చెప్పిన. మొత్తం చెప్పిన.

కోటేష్


ఇప్పలగుంపు
ఏప్రిల్

కోటేషూ,

హాతీరాం మామ షాపు మూసి, ఎండల బండి తీస్కోని వచ్చిండు. "మీ వాడు ఏడ్చుకుంట చెప్పిండు, సగం అర్థమైంది, పువ్వు తినొద్దనే ముక్క మాత్రం ఐదారు సార్లు అన్నడు" అన్నడు. అప్పుడు నా చేతుల దోసెడు పువ్వు ఉంది.

నీకు నోరు రాదంటవు. ఆ సాయంత్రం గూడ రాలే గదా. అవ్వ మొక్కుతుంటె పక్కన నిలబడి చూసినవ్. కత్తి పదునుగ ఉండె అని రాసినవ్.

నాకు నాలుగో నెల.

ఇది నీకు ఫిబ్రవరిల్నే చెప్పాలె. మూడు దాటెదాక ఎవలకు చెప్పద్దన్నది అవ్వ. దిష్టి అంట. ఆ రోజు పినపాక పోయింది గూడ నర్సమ్మకు చూపిచ్చుకోవడానికే. నేను చెప్పి ఉంటె నువ్వు ఆ మంట పెట్టకపోదువు గావచ్చు. నువ్వు చెప్పి ఉంటె నేను తినకపోదు. ఇద్దరం ముచ్చట్లు దాచుకునుడే పెద్ద పని అనుకున్నం.

ఇరవై రోజులు తిన్న రా. కడుపుల బిడ్డకు మంచిదని అవ్వ పెడ్తుంటె తిన్న.

అవ్వకు చెప్పిన. "తల్లి కాదు, వైరా?" అన్నది. అవ్, వైరే అన్న. "తల్లి గాకపోతే మాయె. మొక్కింది నేను, తినిపిచ్చింది నేను" అన్నది. అప్పటి సంది చేతులు కడుగుతుంది, ఆరినంక మల్ల కడుగుతుంది. నేను పట్టుకుంటె ఆగింది.

రేపు మీ బావతోటి భద్రాచలం దవాఖానకు పోతున్న. నువ్వు రా. చేతులతోటి పని ఉంది.

వనజ


ఖమ్మం
ఏప్రిల్ ఆఖరు

అక్కా,

చేరిన. నీతోటి ఆ రెండు రోజులు ఒక్క మాట మాట్లాడలే నేను, నువ్వు గూడ మాట్లాడలే. అందుకే ఇది.

చెట్టు కింద మనం జానెడు లోతు తీసిన మట్టి ఆరు బస్తాలు అయింది. అంత చిన్న మంటకు ఆరు బస్తాలు. మహీన్ అక్క చెప్పినట్టే నీళ్లు చల్లి, దుమ్ము లేవకుంట తీసినం గదా. అవ్వ నిన్ను దూరం నిలబడుమంటె నిలబడలే నువ్వు, ఆఖరికి తిట్టింది. ఏరి ఎండబోసిన పువ్వు గూడ ఏడో బస్తా.

మణుగూరుల బస్సు మీదికి ఎక్కిస్తుంటె కండక్టర్ అడిగిండు.

"ఏం తీస్కపోతున్నవ్ రా, అల్లమా?"

"మట్టి" అన్న.

"మట్టా? ఖమ్మంల మట్టి లేదా?"

బస్సంతా నవ్వింది. నాకు తల ఎత్త బుద్ధి కాలె. తర్వాత ఆయనే పక్క సీట్ల కూసోని మెల్లగ అడిగిండు, ఎక్కడి మట్టి అని. చెప్పిన. టికెట్టు నాకే కొట్టిండు, బస్తాలకు కొట్టలే. అడవిల పుట్టిన మట్టి, ఎన్ని వందల ఏండ్లదో, బస్సు మీద కూసోని ఖమ్మం వచ్చింది అక్కా. నేను చేసిన పనికి అది ఊరు ఇడిసింది.

చాచా బస్తాలు దింపిచ్చిండు. బోర్డులు పోయే కంపెనీతోటి మాట్లాడిండు, ఇసొంటి మట్టిని దాచే జాగ వేరే ఉంటదంట, ఆడికి పంపుతరంట. మా గల్లీల వైర్లు కాల్చేటోళ్లు ఇంకా ఇద్దరున్నరు. నిన్న చాచా వాళ్ల దగ్గరికి నన్ను తీస్కపోయిండు. "చెప్పు" అన్నడు. నేను చెప్పిన. నిలబడి చెప్పిన.

దవాఖానల నీ రక్తం పరీక్ష ముచ్చట రాంగనే రాయి. టిక్కు దిక్కే చూస్తున్న.

కోటేష్


భద్రాచలం, దవాఖాన వరండా
మే

తమ్మీ,

ఈడ సిగ్నల్ మంచిగుంది, గుట్ట ఎక్కేది లేదు.

హైదరాబాద్ పంపిన రక్తం ముచ్చట వచ్చింది. సీసం ఉంది. ఉండాల్సిన దానికంటె ఎక్కువుంది. మరీ భయపడేటంత కాదు, అట్లని ఊకునేటంత కాదు అన్నది డాక్టరమ్మ. పువ్వు ఆపినం గదా, పాలు, ఆకుకూర, ఐరన్ గోళీలు, నెల దాటినంక మల్ల రక్తం. బిడ్డకు ఏమైతది అని అడిగిన. "ఇప్పుడే చెప్పలేనమ్మా, పుట్టినంక గూడ చూస్తుండాలె" అన్నది. అబద్ధం చెప్పలే. అందుకు నాకు ఆమె మీద కోపం వచ్చింది, తర్వాత పోయింది.

తర్వాత కడుపు మీద ఏదో పెట్టి చప్పుడు వినిపిచ్చింది. ఫోన్ల రికార్డు చేసిన, కింద పెట్టిన చూడు. పెద్దగ పెట్టుకోని విను. గోదారి కట్ట మీద గుర్రం ఉరుకుతున్నట్టు ఉంది. మీ బావ బయటికి పోయి ఏడ్చి వచ్చిండు. నా లోపల, నేను ఏం చేయకుంటనే, అంత చిన్నది, అంత గట్టిగ కొట్టుకుంటుంది రా. సీసం సంగతి దానికి తెల్వదు. ఊకె ఉరుకుతుంది.

నీ మీద కోపం ఉంది. నీ బోర్డు ముచ్చట గుర్తొచ్చింది గూడ. ఇది ఎవరు చేసిండ్రు అని.

వనజక్క


ఖమ్మం
మే

అక్కా,

విన్న. నలభై సార్లు విన్న. షాపుల అందరికి వినిపిచ్చిన. చాచా కండ్లు మూసుకోని విన్నడు, ఫోను చెవికి ఆనిచ్చుకోని. చెయ్యి వణుకుతుంటె ఫజిలత్ చాచీ పట్టుకున్నది.

ఇప్పుడు మల్ల వింటున్న.

కోటేష్


సారపాక
అక్టోబరు

తమ్మీ,

పాప పుట్టి నెల అయింది, మామవు నువ్వు ఇంకా చూడ రాలే. సిగ్గా? భయమా? మొన్న చూపిచ్చినం. రెండోసారికే నా రక్తంల తగ్గింది, పాప రక్తంల గూడ కొంచెం ఉంది. బరువు మంచిగుంది, చప్పుడు చేస్తే అటు తిరుగుతది. మూడు నెలలకోసారి తీస్కరమ్మన్నరు. మాటలు వచ్చేదాక, బడికి పోయేదాక చూస్తుండాలెనంట. అందుకే నేను సారపాకల్నే ఉంటున్న, దవాఖాన దగ్గర.

నీ నీలం వల ఊర్లె దూలానికే ఉంది. మార్చిల నువ్వే పోయి కట్టాలె. అవ్వ ఒక్కతే ఉంది.

ముందు వచ్చి పాపను ఎత్తుకో. కరవది.

వనజక్క


ఇప్పలగుంపు, గుట్ట మీద
మార్చి

అక్కా,

ఈసారి గుట్ట నేను ఎక్కిన. నీ మేకలు నన్ను గుర్తువట్టలే.

వల కట్టిన. ఆకులు కాలబెట్టలే. అవ్వ, నేను ఇంకా చీకటి ఉండంగనే పోయి కూసున్నం. పువ్వు రాలుడు నేను ఎన్నడు చూడలే అక్కా. ఎప్పుడు రాలినంకనే పోయేది గదా. ఒకటి రాలుతది. మల్ల ఒకటి. చప్పుడు లేదు. తెల్లారె యాళ్లకు వల నిండ తెల్లగ ఉంది, కిందికి వంగింది బరువుకు. మనం మట్టి తీసిన జాగల కొత్తది పోసినం, అది ఇంకా వేరే రంగుల్నే ఉంది. చెట్టు మాత్రం ఏం కాలేనట్టే ఉంది. పోయిన ఏడుకంటె ఎక్కువే పూసింది అంటది అవ్వ.

అవ్వ ముట్టలే. వల దిక్కు మొక్కలే. నా దిక్కు చూసింది. "పాపకు అన్నం ముట్టిచ్చే దినం మొదటి పువ్వు పెట్టాలె, మన చెట్టుదే పెట్టాలె, మీ అమ్మకు పెట్టిన, మీ అక్కకు పెట్టిన, నీకు పెట్టిన" అన్నది. "పెట్టొచ్చా రా? నీకు తెల్సు గదా ఆ ముచ్చట్లు" అన్నది. అవ్వ నన్ను అడుగుడు ఇదే మొదటిసారి.

నాకు ఏం తెల్సు అక్కా. పిడికెడు పువ్వు కాగితంల చుట్టి మహీన్ అక్కకు పంపుతున్న, ఎక్కడన్న చూపిస్తనన్నది. ఆ ముచ్చట ఎప్పుడొస్తదో తెల్వదు. జానెడు లోతు తీసినం, వేరు ఎంత లోతుకు పోయిందో, ఏం తాగిందో, ఎవరు చూసిండ్రు?

ఇప్పుడు ఒక పువ్వు నా అరచేతుల ఉంది. నేలను ముట్టలే, బూడిదను ముట్టలే. లోపల ఎండ కనపడ్తుంది, అంత పల్చగ ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్న. మన ఇప్పపువ్వు వాసనే, తియ్యగ. కానీ బంగారానికి వాసన లేకుండె, సీసానికి గూడ లేకుండె.

నువ్వైతే ఇది పాప నోట్ల పెడ్తవా?